గాయం దగ్గర నిలిచే కబురు



ఈ కాసేపు గాయాల గురించి మాట్లాడుకుందాం. గాయం ఎలా మానుతుంది? కొందరికి ఎందుకు మానదు? మానని గాయాన్ని మాన్పడానికి శాస్త్రవేత్తలు ఇప్పుడు తయారు చేస్తున్న కొత్త జెల్ సంగతేమిటి? ఇవీ ఇవాళ్టి విషయాలు.

తెల్లవారుజామున విశాఖ పూర్ణా మార్కెట్‌కి వెళ్లే అలవాటున్నవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. కూరగాయల మీది చూపు కాస్త కిందికి దించండి. అక్కడి మనుషుల పాదాలు చూడండి. లారీ మీంచి ఉల్లిపాయల బస్తా దించే కళాసీ పాదాలు. అరటి గెల భుజాన వేసుకుని ఇరుకు సందులో నడిచే మనిషి పాదాలు. కింద నేల ఎప్పుడూ తడి. కుళ్లిన ఆకులు, విరిగిన గంపల పుల్లలు, మేకులు పైకి తేలిన చెక్కపెట్టెలు. కొందరికి చెప్పులుండవు. ఉన్నవాళ్లు కూడా బరువు ఎత్తేటప్పుడు జారుతుందని పక్కన విడిచేస్తారు. ఆ పాదాలకి ఏదో ఒకటి గుచ్చుకుంటూనే ఉంటుంది.

పాతికేళ్ల కుర్రాడికి గుచ్చుకుంటే కొద్ది రోజుల్లో మానిపోతుంది. అదే మేకు, అదే గాయం, చాలా ఏళ్లుగా షుగర్ ఉన్న మనిషికైతే నెల దాటినా అలాగే ఉండొచ్చు. చుట్టూ అంచు తెల్లగా గట్టిపడుతుంది. మధ్యలో గుంట. కట్టు విప్పితే తడి. అన్నిటికంటే మోసం ఏమిటంటే, నొప్పి ఉండదు. పాదంలో నరాలు మొద్దుబారిపోయాయి కాబట్టి నొప్పి తెలియదు. నొప్పి లేదు కాబట్టి పట్టించుకోరు. పట్టించుకోలేదు కాబట్టి పుండు లోపలికి, ఎముక దాకా దిగుతుంది. చివరికి వేలు తీసేయాల్సి వస్తుంది. ఒక్కోసారి కాలు కూడా.

2023లో భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్ వాళ్ల దేశవ్యాప్త సర్వే ఫలితాలు వచ్చాయి. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల పైమాటేనని తేలింది. వీళ్లలో బరువులు మోసేవాళ్లున్నారు, రోజంతా నిలబడి అమ్ముకునేవాళ్లున్నారు. పాదమే వాళ్ల జీవనాధారం. అందుకే ఈ విషయం నాకు అంత ముఖ్యంగా అనిపిస్తుంది.

సరే, గాయం మానడమంటే ఏమిటి? చర్మం దానంతటదే అతుక్కోవడం కాదండి. అక్కడ చాలా పని జరగాలి. ముందు రక్తం గడ్డకట్టాలి. తర్వాత తెల్ల రక్తకణాలు వచ్చి క్రిముల్ని, చచ్చిన కణాల్ని ఏరిపారేయాలి. ఆ శుభ్రం పని అయ్యాక అవి పక్కకి తప్పుకోవాలి. అప్పుడు కొత్త రక్తనాళాలు పుట్టాలి. కొత్త కండ పూడాలి. అంచుల నుంచి చర్మం మెల్లగా జరుగుతూ వచ్చి దాన్ని కప్పాలి. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎవరు ఎప్పుడు ఆపాలి, ఇది కణాలకి తెలియాలి. ఎలా తెలుస్తుంది? కబురు రావాలి. ఒక కణం నుంచి ఇంకో కణానికి కబురు వెళ్లాలి.

పూర్ణా మార్కెట్ వ్యాపారమే తీసుకోండి. పెద్ద షావుకారు ప్రతి కొట్టుకీ తనే వెళ్లడు. చీటీ రాసి పంపిస్తాడు. ఫలానా వాళ్లకి రెండు బస్తాల బెల్లం ఇవ్వమని ఒక చీటీ. ఆ లారీ ఇప్పుడే దించొద్దని ఇంకో చీటీ. చీటీ చేరితే సరుకు కదులుతుంది. షావుకారు రానక్కరలేదు. మన ఒంట్లో కణాలు కూడా ఇలాగే చీటీలు పంపుకుంటాయి. కణం తన పొరలోంచే ఒక చిన్న బుడగ చేస్తుంది. అందులో కొన్ని ప్రోటీన్లు, కొన్ని ఆర్‌ఎన్‌ఏ ముక్కలు పెట్టి బయటికి వదులుతుంది. ఆ బుడగ వెళ్లి ఇంకో కణంలో కలుస్తుంది. లోపలి చీటీలు ఆ కణానికి అందుతాయి. అది తన పని మార్చుకుంటుంది.

ఈ బుడగల్లో ఒక రకాన్ని ఎక్సోసోమ్‌లంటారు. ఎంత చిన్నవంటే, సుమారు 30 నుంచి 150 నానోమీటర్లు. మన తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. అంటే ఒక వెంట్రుక అడ్డం మీద ఇలాంటి బుడగలు కొన్ని వందలు వరసగా పడతాయి. మామూలు మైక్రోస్కోపులో ఇవి కనిపించవు.

1983లో కెనడాలో రోజ్ జాన్‌స్టోన్ బృందం, అమెరికాలో ఫిలిప్ స్టాల్ బృందం వీటిని ఎదుగుతున్న ఎర్ర రక్తకణాల్లో గమనించాయి. కణం తనకి అక్కరలేనివి ఇలా బయటికి నెట్టేస్తోందని అప్పట్లో అనుకున్నారు. చాలా ఏళ్లు అదే అభిప్రాయం. 2007లో స్వీడన్‌లో యాన్ లోట్వాల్ బృందం దాన్ని మార్చేసింది. వాళ్లు ఎలుక కణాలు వదిలిన బుడగల్ని తీసి మనిషి కణాలకి ఇచ్చారు. ఆ మనిషి కణాల్లో ఎలుక ప్రోటీన్లు తయారయ్యాయి! బుడగలో వెళ్లింది చెత్త కాదు, ఆదేశమని అప్పుడు అర్థమైంది.

ఇప్పుడు గాయం దగ్గరికి వద్దాం. షుగర్ పుండులో ఏం జరుగుతుంది? శుభ్రం చేయడానికి వచ్చిన తెల్ల రక్తకణాలకి ఇక ఆపండి అనే చీటీ అందదు. అవి అక్కడే తిష్ఠ వేస్తాయి. వాపు తగ్గదు. కొత్త రక్తనాళాలు వేయమనే చీటీ కూడా సరిగా అందదు. పుండు ఉన్నచోటే ఆగిపోతుంది. అలాంటప్పుడు ఆరోగ్యంగా ఉన్న మూలకణాల్ని, అంటే స్టెమ్ సెల్స్‌ని, ప్రయోగశాలలో పెంచి, అవి వదిలే బుడగల్ని సేకరించి పుండుకి అందిస్తే? కబురు మళ్లీ మొదలవుతుంది కదా. ఇదీ శాస్త్రవేత్తల ఆలోచన.

అయితే ఇక్కడో చిక్కుంది. ఆ బుడగల్ని నీళ్లలో కలిపి పుండు మీద పోస్తే నిలవవు. పుండులో ఊరే రసితో కొట్టుకుపోతాయి. రక్తంలోకి సూదిమందుగా ఇస్తే చాలా భాగం కాలేయం, ప్లీహం పట్టేసుకుంటాయి. పాదం దాకా చేరేది కొంచెమే. పైగా మానని పుండులో ప్రోటీన్లని కొరికేసే ఎంజైములు ఎక్కువగా ఉంటాయి. మళ్లీ మార్కెట్‌కే వెళ్దాం. చీటీలన్నీ కట్టగా తెచ్చి రద్దీలోకి విసిరేస్తే ఎవరికి అందుతాయి? అదే కొట్టు ముందు ఒక గుమస్తాని కూర్చోబెట్టి, కట్ట అతని చేతిలో పెట్టి, ఒక్కొక్కటే అందించమంటే అన్నీ చేరతాయి. ఆ గుమస్తా పని చేసేదే జెల్.

కబురు ఉంటే చాలదు. కబురు గాయం దగ్గర నిలవాలి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

జెల్ అంటే ఇక్కడ హైడ్రోజెల్. ఎక్కువ భాగం నీళ్లే. ఆ నీటిని పట్టి ఉంచడానికి పొడవైన అణువుల అల్లిక ఒకటి ఉంటుంది. బుడగలు ఆ అల్లికలో చిక్కుకుని ఉంటాయి. జెల్ కొంచెం కొంచెంగా కరుగుతుంటే అవి కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. అల్లిక దేనితో చేస్తారు? సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్‌తో చేయొచ్చు. రక్తం గడ్డకట్టించే ఫైబ్రిన్‌తో చేయొచ్చు. రొయ్య పెంకుతో కూడా చేయొచ్చు. అవునండి, మన ఫిషింగ్ హార్బర్‌లో రొయ్య ఒలిచాక మిగిలే పెంకే. అందులో కైటిన్ ఉంటుంది. దాన్ని క్షారంతో శుద్ధి చేస్తే కైటోసాన్ వస్తుంది. రక్తం ఆపే కట్టుల్లో దాన్ని ఇప్పటికే వాడుతున్నారు. 2017లో చైనాలోని షాంఘై పరిశోధకులు ఇదే కైటోసాన్‌లో ఎక్సోసోమ్‌లు కలిపి షుగర్ ఉన్న ఎలుకల గాయాల మీద వేసి చూశారు. కొత్త రక్తనాళాలు ఎక్కువగా వచ్చాయి, గాయం త్వరగా మూసుకుంది. రొయ్యల సాగులో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. ఈ ముడిసరుకు విలువ మనం ఇంకా పూర్తిగా గుర్తించలేదని నా అభిప్రాయం.

గాయానికి కబురు మోసే జెల్ మన తెలుగు నేల మీద ఇప్పటికే ఒకటి తయారైంది. అందులో బుడగలు లేవు. ఒకే ఒక్క ప్రోటీన్ ఉంది. దాని పేరు ఈజీఎఫ్. చర్మ కణాల్ని పెరగమని, జరగమని చెప్పే ప్రోటీన్ ఇది. దీన్ని కనిపెట్టినది అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్. ఎలుక లాలాజల గ్రంథుల నుంచి తీసిన రసాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకి ఇస్తే, వాటి కళ్లు మామూలు కంటే ముందే తెరుచుకున్నాయి. ఎందుకలా అని వెతుక్కుంటూ వెళ్తే ఈజీఎఫ్ దొరికింది. దానికి 1986లో నోబెల్ బహుమతి వచ్చింది. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ ఆ ప్రోటీన్‌ని తయారు చేసి, జెల్‌లో కలిపి, రీజెన్-డి పేరుతో షుగర్ పుండ్ల కోసం తెచ్చింది. ఒక గ్రాము జెల్‌లో 150 మైక్రోగ్రాముల ప్రోటీన్. షుగర్ పుండ్ల మీద దాని మూడో దశ పరీక్షల ఫలితాలు 2006లో అచ్చయ్యాయి. వైద్యులు దాన్ని వాడుతున్నారు.

మరి అదుండగా ఈ బుడగలెందుకు? ఈజీఎఫ్ ఒకే చీటీ. ఎన్ని ప్రతులు తీసినా అది చెప్పేది ఒకే మాట. మానని పుండుకి చాలా మాటలు కావాలి. వాపు తగ్గమనాలి, రక్తనాళాలు వేయమనాలి, కండ పూడమనాలి, మచ్చ గట్టిపడకుండా చూడమనాలి. మూలకణం వదిలే ఒక్కో బుడగలో చాలా చీటీలుంటాయి. ఆశ అక్కడుంది.

ఈ ఆశకి గట్టి ఆధారం పాదం మీద కాదు, కంటి మీద దొరికింది. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి పేరు మీకు తెలిసిందే. విశాఖలో హనుమంతవాక దగ్గర దాని శాఖ కూడా ఉంది. కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియా. దానికి దెబ్బ తగిలి మచ్చ పడితే చూపు పోవచ్చు. కొబ్బరి చిప్ప ముక్క ఎగిరి తగిలినా, వరి ఆకు కోసుకున్నా, వెల్డింగ్ రవ్వ పడినా ఈ ముప్పు ఉంది. ఉక్కు నగరంలో ఉన్నవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు. మచ్చ బాగా పడ్డాక ప్రధానమైన దారి, చనిపోయినవారి కార్నియా తెచ్చి అమర్చడం. అది అందరికీ దొరకదు.

ఎల్వీ ప్రసాద్ సంస్థ వైద్యులు సయన్ బసు, వీరేందర్ సంగ్వాన్, అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఫండర్‌బర్గ్ బృందంతో కలిసి ఒక పని చేశారు. కార్నియా అంచు నుంచి చాలా చిన్న ముక్క తీసుకున్నారు. అందులోని మూలకణాల్ని పెంచారు. వాటిని ఫైబ్రిన్ జెల్‌లో కలిపి, గాయపడ్డ ఎలుక కంటి మీద వేశారు. మచ్చ పడాల్సిన చోట పారదర్శకమైన పొర వచ్చింది. 2014లో ఈ ఫలితం ప్రచురించారు.

ఇక్కడ అసలు ప్రశ్న వచ్చింది. మచ్చ ఆగింది సరే, ఆపిందెవరు? ఆ కణాలు స్వయంగా చేశాయా, లేక అవి పంపిన చీటీలు చేశాయా? దీనికి 2019లో పిట్స్‌బర్గ్ బృందమే జవాబు వెతికింది. ఈసారి కణాలు వేయలేదు. అవి వదిలిన బుడగలు మాత్రమే వేశారు. అప్పుడూ మచ్చ తగ్గింది. వేరే రకం కణాల బుడగలు వేస్తే మాత్రం ఏ ప్రయోజనమూ కనబడలేదు. తర్వాత ఇంకో అడుగు వేశారు. బుడగల్లోకి, ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్కల్లో ఒక రకమైన మైక్రో ఆర్‌ఎన్‌ఏ చేరకుండా అడ్డుపడ్డారు. లోపలి మైక్రో ఆర్‌ఎన్‌ఏ 85 శాతం తగ్గిపోయింది. అలాంటి బుడగలు వేస్తే మచ్చ ఆగలేదు. అంటే ఏమిటన్నమాట? బుడగ ఉంది, చీటీ లేదు, పని జరగలేదు. చీటీయే పని చేస్తోందని ఇంత సూటిగా చూపించిన ప్రయోగాలు చాలా తక్కువ. నాకు ఎంతో నచ్చిన ప్రయోగం ఇది.

కణాలకి బదులు బుడగలే ఇవ్వడంలో సౌకర్యాలున్నాయి. కణాన్ని బతికించి ఉంచాలి. బుడగని గడ్డకట్టించి దాచుకోవచ్చు. కణం విభజన చెందుతుంది, అదుపు తప్పితే ప్రమాదం. బుడగలో కేంద్రకం లేదు, అది విభజన చెందదు. కష్టాలూ ఉన్నాయి. ఈ బుడగల్ని వేరుచేయాలంటే సాధారణంగా చాలా వేగంగా తిరిగే సెంట్రిఫ్యూజ్ యంత్రాలు కావాలి. లీటర్ల కొద్దీ ద్రవం తిప్పితే దొరికేది కొంచెం. ఈ నెల తీసిన బుడగలు పోయిన నెల తీసినవాటితో సమానంగా ఉంటాయన్న హామీ లేదు. అందుకే ప్రపంచంలో ఈ పని చేసే శాస్త్రవేత్తలంతా కలిసి, ఏది బుడగ, దాన్ని ఎలా కొలవాలి అని నియమాలు రాసుకున్నారు. 2014లో రాసినవాటిని 2018లో, ఆ తర్వాత మళ్లీ సవరించుకున్నారు.

ఇప్పుడు నేను చెప్పే మాట దయచేసి శ్రద్ధగా వినండి. ఎక్సోసోమ్‌ల జెల్ ఇంకా పరిశోధనలోనే ఉంది. మన వీధి మందుల షాపులో దొరికే మందు కాదిది. ఎక్సోసోమ్ పేరు చెప్పి ముఖానికి, జుట్టుకి, మోకాళ్లకి సూదులు వేసేవాళ్లు మాత్రం చాలా చోట్ల కనిపిస్తున్నారు. అమెరికాలో ఇలాంటి ఉత్పత్తులు తీసుకున్న రోగులు కొందరు తీవ్రంగా జబ్బుపడితే, 2019 డిసెంబర్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ప్రజలకి హెచ్చరిక ఇచ్చింది. తాము ఆమోదించిన ఎక్సోసోమ్ మందు ఒక్కటీ లేదని అప్పుడు స్పష్టంగా చెప్పింది. మన దేశంలో మూలకణాలపై 2017 నాటి ఐసీఎంఆర్ మార్గదర్శకాలున్నాయి. కొన్ని రక్త సంబంధ వ్యాధుల్లాంటివాటికి ఆమోదం పొందిన చికిత్సలు తప్ప, మిగతావన్నీ అనుమతి పొందిన పరిశోధనలోనే జరగాలని అవి చెబుతాయి.

జాగ్రత్త ఎందుకంటే, పెరగమని చెప్పే కబురు మంచి కణానికి ఒక్కదానికే వెళ్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. క్యాన్సర్ కణాలు కూడా ఇలాంటి బుడగలే వదులుతాయి. వాటితోనే కొత్త చోట్ల పాగా వేయడానికి దారి చేసుకుంటాయి. కాబట్టి ఎవరైనా మీకు ఈ చికిత్స చేస్తామంటే రెండు విషయాలు అడగండి. ఇది క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదైన పరిశోధనేనా? సమ్మతి పత్రం నాకు అర్థమయ్యే తెలుగులో ఇస్తారా? జవాబు సూటిగా రాకపోతే బయటికి వచ్చేయండి.

మరి ఆ జెల్ వచ్చేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అక్కరలేదు. ఈ పరిశోధన అంతా నిలబడ్డ సూత్రం ఒకటుంది, అది ఇవాళే మీ ఇంట్లో పనికొస్తుంది. గాయానికి గాలి తగలనివ్వాలి, ఎండనివ్వాలి, పక్కు కట్టనివ్వాలి అని మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. 1962లో బ్రిటన్‌లో జార్జ్ వింటర్ అనే శాస్త్రవేత్త పందుల చర్మం మీద చిన్న గాయాలు చేసి చూశాడు. కొన్నిటిని గాలికి వదిలేశాడు. కొన్నిటిని పల్చటి పొరతో కప్పి తేమ పోకుండా ఉంచాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పాకింది. ఎండిపోయిన చోట కణం సులువుగా కదల్లేదు. కదలాలన్నా, కబురు అందుకోవాలన్నా తేమ కావాలి. కబురు గాయం దగ్గర నిలవాలని ఇందాక అన్నాను కదా, అది నిలిచేది తేమలోనే.

అందుకని చిన్న గాయమైతే శుభ్రమైన కుళాయి నీటితో బాగా కడగండి. శుభ్రమైన కట్టు కట్టండి. కాఫీ పొడి, సున్నం, టూత్‌పేస్ట్, వంటింటి పసుపు గాయంలో పెట్టొద్దు. అవి గాయాన్ని ఎండబెడతాయి, క్రిముల్ని తెచ్చిపెడతాయి, లోపల ఏముందో డాక్టరుకి కనబడనివ్వవు. షుగర్ ఉన్నవాళ్లకైతే పాదం మీద చిన్న గాయమంటూ లేదు. ఎంత చిన్నదైనా డాక్టరుకి చూపించాల్సిందే. ఆయన ముందు చచ్చిన కండ తీసేస్తారు. ఆ చోటు మీద బరువు పడకుండా చూస్తారు. రక్తప్రసారం ఎలా ఉందో పరీక్షిస్తారు. ఇవి చేయకుండా ఎంత ఖరీదైన జెల్ రాసినా వృథా.

ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేసేవాళ్లు మన జిల్లాలో లక్షల్లో ఉన్నారు. 32 కిలోమీటర్లు, చాలామంది ఉత్త కాళ్లతోనే. మార్గశిర గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరా అంతే, ఉత్త కాళ్లతో గంటలు గంటలు వరసలో నిలబడతారు. షుగర్ ఉండి వెళ్లేవాళ్లు ముందే పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి. సన్నటి నైలాన్ తీగతో పాదాన్ని అక్కడక్కడ తాకి, తెలుస్తోందా అని అడుగుతారు. అంతే ఆ పరీక్ష. 10 గ్రాముల మోనోఫిలమెంట్ పరీక్ష అని అడగండి. స్పర్శ తగ్గిందని తేలితే చెప్పులు లేకుండా నడవొద్దు. నడిచి వచ్చినవాళ్లు ఆ రాత్రే పాదాలు కడిగి, తుడిచి, వేళ్ల సందులు కూడా వెలుతుర్లో చూసుకోండి. మీకు కనబడకపోతే ఇంట్లో పిల్లల్ని చూడమనండి.

పూర్ణా మార్కెట్‌లో పనిచేసే అన్నలకి, అక్కలకి, కళాసీ సోదరులకి ఒక మాట. కింగ్ జార్జ్ ఆసుపత్రి మీకు ఎంతో దూరం లేదు. కాలి మీద పుండు రెండు వారాలైనా మానలేదంటే ఇక ఇంట్లో ఉంచుకోవద్దు. షుగర్ ఉంటే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు, వెంటనే వెళ్లండి. ఉదయం సరుకు దించాక, ఓపీ మూసేలోపు వెళ్లి చూపించుకోండి.